క్రిస్మస్ రోజు డ్యూటీ ఎవరిది?

2013 డిసెంబరులో నేను న్యూజెర్సీ వచ్చి పద్నాలుగు నెలలు. 24వ తేదీ రాత్రి డ్యూటీ నాకు పడింది. రోస్టరు చూసి మొహం వేలాడేసుకుని తిరుగుతుంటే మా వార్డులో సీనియర్ నర్సు ఒకావిడ గమనించి, "నీ రాత్రి నేను చేస్తాలే, నువ్వు చర్చికి వెళ్ళు" అంది. నేను అడగలేదు. ఆవిడే అంది. ఆవిడ యూదురాలు.

ఊరికే థాంక్స్ చెప్పి ఊరుకుంటే బాగుండదనిపించింది. మందుల షాపులో ఆగాను. క్రిస్మస్ కార్డులు గోడంతా ఉంటే, వాటి చివర జానెడు అరలో నీలం, వెండి రంగుల కార్డులు ఒక పది ఉన్నాయి. తొమ్మిది కొవ్వొత్తుల బొమ్మ ఉన్నది ఏరుకుని, లోపల "హ్యాపీ హనుక్కా" అని నా చేత్తో రాసి, చర్చికి వెళ్తూ వెళ్తూ ఆసుపత్రిలో ఆవిడకి ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి జరుపుకుని, కార్డు దగ్గరగా పెట్టుకుని చదివింది. నవ్వింది. "చాలా బాగుంది. పండుగ అయిపోయి మూడు వారాలైంది, అంతే."

ఆ ఏడాది హనుక్కా నవంబరు 27 సాయంత్రం మొదలై డిసెంబరు 5తో అయిపోయింది. యూదుల క్యాలెండరు చంద్రుణ్ణి బట్టి నడుస్తుంది, మన అధికమాసం లాంటి అదనపు నెల వేసుకుని సూర్యుణ్ణి అందుకుంటుంది. అందుకని వాళ్ళ కిస్లేవ్ నెల 25వ తేదీ ఇంగ్లిషు తేదీల్లో ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఉగాది ఒక ఏడాది మార్చిలో, ఇంకో ఏడాది ఏప్రిల్లో ఎందుకు వస్తుందో తెలిసిన గుంటూరు పిల్లని, ఈ సంగతి నాకు తట్టాలి. తట్టలేదు. డిసెంబరు కదా, అందరికీ ఏదో ఒకటి ఉండే ఉంటుందిలే అనుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే హనుక్కా అంటే "యూదుల క్రిస్మస్" అనుకున్నాను.

ఆ మాట మీద నాకు పదేళ్ళ పైబడి గొడవ ఉంది. అది తప్పు మాట అన్నది చిన్న విషయం. దాన్ని మనం మంచి మనసుతో అంటాం, అదీ అసలు ఇబ్బంది. ఎదుటివాళ్ళ పండుగని మన పండుగకి నకలుగా చూడటం మర్యాదలాగే ఉంటుంది. కానీ అలా చూసినప్పుడు మనకు కనిపించేది మన మొహమే.

హనుక్కా కథ తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్తాను. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలో యూదయ సిరియాను ఏలిన గ్రీకు రాజుల కింద ఉంది. నాలుగో ఆంటియోకస్ యూదుల ఆచారాలను నిషేధించాడు. పిల్లవాడికి సున్నతి చేయిస్తే శిక్ష, విశ్రాంతి దినం పాటిస్తే శిక్ష. యెరూషలేము దేవాలయంలో గ్రీకు దేవుడికి బలులు పెట్టించాడు. మక్కబీలనే యాజక కుటుంబం తిరగబడి, క్రీ.పూ. 164లో గుడిని చేజిక్కించుకుని, శుద్ధి చేసి, మళ్ళీ ప్రతిష్ఠ చేసింది. ఒక్క రోజుకి సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందన్న అద్భుతం చాలాకాలం తర్వాత తాల్మూదులో, అంటే యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథంలో, కనిపిస్తుంది. పిల్లలకు చెప్పేది ఎక్కువగా అదే.

అంటే ఇది నలుగురితో నారాయణా అనమంటే అననివాళ్ళ పండుగ. "మీలాగా మేం మారం" అన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ పండుగ. దాన్ని పట్టుకొచ్చి లోకంలో అన్నిటికన్నా పెద్ద పండుగ పక్కన నిలబెట్టి "ఇదీ అలాంటిదే" అంటున్నాం. ఇంతకంటే ఎగతాళి ఇంకేం ఉంటుంది?

పైగా యూదుల లెక్కలో అది చిన్న పండుగ. పని మానాలన్న నియమం లేదు. పెద్దవి కొత్త సంవత్సరం రోష్ హషానా, ఉపవాసంతో పాపాలకు క్షమాపణ అడిగే యోమ్ కిప్పూర్, పస్కా. అమెరికాలో మాత్రం, పక్కింటి పిల్లలకు వచ్చే బహుమతులు చూసి బెంగపెట్టుకునే తమ పిల్లల కోసం యూదు తల్లిదండ్రులు 19వ శతాబ్దం చివరి నుంచి దీన్ని పెంచుతూ వచ్చారు. నాగుల చవితిని దీపావళి అంత చేసినట్టు. వాళ్ళ పిల్లలు, వాళ్ళ ఇష్టం. కానీ మనం బయటి నుంచి చూసి అదే వాళ్ళ పెద్ద పండుగ అనుకుంటే, యోమ్ కిప్పూర్ నాడు వాళ్ళకి మీటింగ్ పెట్టి, హనుక్కాకి కార్డు ఇస్తాం.

నాకు సిగ్గనిపించిన సంగతి ఇంకొకటి ఉంది. నేను బైబిలు తెలియనిదాన్నేం కాదు. సండే స్కూల్లో కంఠత వాక్యాలకు స్టీలు గ్లాసులు గెలుచుకున్నదాన్ని. యోహాను సువార్త 10వ అధ్యాయం 22వ వచనంలో యెరూషలేములో ఆలయ ప్రతిష్ఠిత పండుగ జరుగుతోందని ఉంటుంది. అది శీతకాలమని, యేసు సొలొమోను మంటపంలో తిరుగుతున్నాడని ఉంటుంది. ఆ పండుగే హనుక్కా. హీబ్రూలో ఆ మాటకు అర్థమే ప్రతిష్ఠ. ఎన్నిసార్లు చదివి దాటేశానో. యేసు తన జీవితంలో క్రిస్మస్ చేసుకోలేదు. హనుక్కాకి మాత్రం గుడికి వెళ్ళాడు.

మా సంఘంలో జనవరి 1 ఆరాధనకి లూకా సువార్తలోంచి ఒక్క వచనం చదివేవాళ్ళు. ఎనిమిదో రోజున శిశువుకు సున్నతి చేసి యేసు అని పేరు పెట్టారని. డిసెంబరు 25 నుంచి లెక్కపెడితే ఎనిమిదో రోజు సరిగ్గా జనవరి 1. మా పాస్టరుగారు "సున్నతి" దగ్గర కొంచెం స్పీడు పెంచి, పేరు దగ్గరికి వచ్చి స్థిమితపడేవారు. తర్వాత తల్లిదండ్రులు గుడికి పట్టుకెళ్ళే గువ్వల జత, గొర్రెపిల్లని కొనే స్తోమత లేని యూదు బాలింత ఇచ్చే కానుక. ఇదంతా మా కళ్ళ ముందే ఉంది. అయినా మా క్రిస్మస్ నాటకంలో బాత్ టవల్ తలకు చుట్టుకున్న గొల్లలూ, జరీ చీరలు కప్పుకున్న జ్ఞానులూ ఉండేవాళ్ళు గానీ యూదుడంటే ఒక్క హేరోదే. మరియమ్మ యూదురాలని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి.

గుంటూరులో మా వీధిలో క్రైస్తవుల ఇళ్ళు రెండే. డిసెంబరు మొదటి వారంలో మా నాన్న వెదురు బద్దలతో నక్షత్రం కట్టి, రంగు కాగితం అంటించి, లోపల నలభై వాట్ల బల్బు పెట్టి డాబా మీద వేలాడదీసేవాడు. పండుగ నాడు అమ్మ అరిసెలు, జంతికలు, కేకు ముక్కలు పళ్ళేల్లో పెట్టి, మీద క్రోషియా గుడ్డ కప్పి, నా చేత వీధంతా పంపేది. ఆ పళ్ళేలు ఖాళీగా తిరిగి రావు కదా. సంక్రాంతికీ, దసరాకీ, వినాయక చవితికీ మాకూ వచ్చేవి. చిక్కు అక్కడే. మా నాన్న ప్రసాదం తినడు. విగ్రహాలకు అర్పించినది తినకూడదన్నది ఆయన నమ్మకం. ఇస్తే కాదనలేడు, తీసుకుంటే తినలేడు.

పక్కింటి పిన్నిగారు ఈ సంగతి ఎప్పుడు కనిపెట్టారో తెలీదు. ఒకసారి నేను ఆవిడ వంటింట్లో ఉండగా చూశాను. పులిహోర కలిపిన పెద్ద బేసిన్‌లోంచి, దేవుడి దగ్గర పెట్టకముందే, ఒక స్టీలు డబ్బా నిండా తీసి మూత పెట్టి పక్కన ఉంచారు. "ఇది మీ నాన్నగారికి. దేవుడికి చూపించలేదని చెప్పు" అన్నారు. ఆ తర్వాతే పళ్ళెం పూజ గదిలోకి వెళ్ళింది.

ఆ డబ్బా గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను. అందరి దేవుడూ ఒక్కడే, ఏం కాదు తినండి అని ఆవిడ అనలేదు. మీ కేకూ మా ప్రసాదమూ ఒకటే అనలేదు. ఆవిడ పూజ ఆవిడది, మా నాన్న పట్టింపు మా నాన్నది. రెండూ కలవవని తెలుసు. కలవకుండానే పులిహోర మా ఇంటికి వచ్చేది. నేను విమానం దిగేసరికి, ఒక్క మతం విషయంలో మాత్రం, మెజారిటీ అయిపోయాను. క్రిస్మస్‌కి దేశమంతా సెలవు. ఆ డబ్బా ఇప్పుడు నేను సర్దాల్సింది. నేనేమో పోయి కార్డు కొన్నాను.

యూదులకూ క్రిస్మస్‌కీ మధ్య ఉన్న చరిత్ర చదవడం ఆ కార్డు తర్వాతే మొదలుపెట్టాను. మొదట తగిలింది భయం. తూర్పు యూరపులో చాలామంది హసిదీ యూదులకు, అంటే భక్తి సంప్రదాయపు యూదులకు, క్రిస్మస్ ముందురాత్రికి ఒక పేరుంది, నిట్టెల్ నాఖ్ట్. ఏడాది పొడుగునా పుస్తకం మూయనివాళ్ళు ఆ రాత్రి మాత్రం తమ ధర్మశాస్త్రం తోరా చదవరు. చదరంగం ఆడతారు, పేకాట ఆడతారు. కారణాలు రకరకాలుగా చెబుతారు గానీ, అసలు సంగతి వీధిలో ఉంది. పండుగ ఆరాధన అయ్యాక తాగి వచ్చే గుంపుల చేతికి చిక్కకుండా ఇంట్లో ఉండటమే క్షేమం. 1881 క్రిస్మస్ రోజున వార్సాలో హోలీ క్రాస్ చర్చిలో ఎవరో నిప్పు అని అరిచారు. నిప్పు లేదు. తొక్కిసలాటలో ముప్పై మంది దాకా చనిపోయారు. అరిచింది యూదు జేబుదొంగలేనని పుకారు లేచింది. మూడు రోజులు యూదుల ఇళ్ళూ దుకాణాలూ కొల్లగొట్టారు. మనం నక్షత్రం కట్టుకునే రాత్రిని కొందరు తలుపులు బిగించుకుని గడిపారు. ఇది క్రైస్తవులుగా మేం తెలుసుకోవలసిన సంగతి. ఏ చర్చిలోనూ ఇది నాకు వినపడలేదు.

భయపడి తలుపు వేసుకోవడం ఒక దారి అయితే, రెండో దారి చెట్టు తెచ్చుకోవడం. 1814లో వియన్నాలో ఫానీ ఫాన్ ఆర్న్‌స్టైన్ అనే బెర్లిన్ యూదు ఇంటి ఆడపడుచు తన ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టింది. ఆ ఊళ్ళో అదే మొదటి చెట్టని చెబుతారు. ఆ సంగతి పోలీసు గూఢచారి నివేదికలోకి కూడా ఎక్కింది. జర్మన్ మాట్లాడే యూదు ఇళ్ళలో 19వ శతాబ్దంలో ఇది ఎంత మామూలైపోయిందంటే, జర్మన్‌లో క్రిస్మస్‌కి ఉన్న వైనాఖ్టెన్ అనే పేరునీ హనుక్కానీ కలిపి "వైనుక్కా" అని వేళాకోళంగా ఒక పేరే పుట్టింది.

ఈ చెట్టు కథలో నాకు బాగా నచ్చేది థియొడర్ హెర్జ్‌ల్ ముక్క. యూదులకు సొంత దేశం కావాలని జియోనిజం అనే ఉద్యమం నడిపిన మనిషి. 1895 డిసెంబరు 24న వియన్నాలో తన పిల్లల కోసం క్రిస్మస్ చెట్టుకి దీపాలు వెలిగిస్తుండగా ఆ ఊరి యూదుల ప్రధాన మతగురువు, రబ్బీ గూడెమాన్ ఇంటికి వచ్చాడు. రబ్బీగారి మొహం ఎలా మారిందో హెర్జ్‌ల్ డైరీలో రాసుకున్నాడు. నేను ఎవరి ఒత్తిడికీ లొంగను, కావాలంటే దీన్ని హనుక్కా చెట్టు అనుకోమనండి అన్న ధోరణిలో. పదహారేళ్ళ తర్వాత, 1911లో, బెర్లిన్‌లో ఒక యూదు ఇంట్లో గెర్షోమ్ షోలెమ్ అనే కుర్రాడికి క్రిస్మస్ చెట్టు కింద ఒక కానుక కనిపించింది. నల్ల చట్రంలో బిగించిన హెర్జ్‌ల్ ఫోటో. నీకు జియోనిజం అంటే ఇష్టం కదా, అందుకే కొన్నాం అంది తల్లి. ఆ తర్వాత క్రిస్మస్ వస్తే షోలెమ్ ఇంట్లో ఉండేవాడు కాదు. యూదు మర్మవాదం మీద 20వ శతాబ్దపు గొప్ప పండితుడు ఆయనే అయ్యాడు.

ఆ తల్లిని వెక్కిరించడం నాకు చేతకాదు. కొడుకు మనసులో ఏముందో ఆవిడకి తెలుసు. చెట్టు కిందే ఎందుకు పెట్టకూడదో మాత్రం తెలీలేదు. ఇప్పటి లెక్కకి వస్తే, 2013లో ప్యూ సంస్థ సర్వేలో ముందటి ఏడాది ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టామన్న అమెరికన్ యూదులు నూటికి 32 మంది. యూదులు కానివాళ్ళని చేసుకున్నవాళ్ళలో అయితే 71 మంది. అక్కడ చెట్టు అంటే వియ్యాలవారి సంగతి, అంతకు మించి నేను తవ్వను.

మూడో దారి ఇంకొకటుంది. నేను అసలు రాద్దామనుకున్నది దాని గురించే.

ఇర్వింగ్ బెర్లిన్ 1888లో రష్యా సామ్రాజ్యంలో పుట్టాడు. పుట్టినప్పటి పేరు ఇజ్రాయెల్. తండ్రి సినగాగులో ప్రార్థనలు పాడే కాంటర్. ఐదేళ్ళ వయసులో న్యూయార్క్ వచ్చి లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఇరుకు గదుల్లో పెరిగాడు. ఎదురింట్లో ఒక ఐరిష్ క్యాథలిక్ కుటుంబం. క్రిస్మస్ చెట్టు అనేదాన్ని మొదటిసారి వాళ్ళింట్లోనే చూశానని, చిన్నవాడి కళ్ళకి అది ఆకాశమంత ఉందని పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఆ పిల్లవాడే "వైట్ క్రిస్మస్" రాశాడు. 1941 డిసెంబరు 25న, పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి మూడు వారాలు కూడా కాకముందే, బింగ్ క్రాస్బీ రేడియోలో దాన్ని మొదటిసారి పాడాడు. యుద్ధానికి వెళ్ళిన సైనికులు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకున్నారు. క్రాస్బీ రికార్డు 5 కోట్ల కాపీలు అమ్ముడై ఉంటుందని అంచనా.

పాట మొదట్లో, సాధారణంగా ఎవరూ పాడని నాలుగు లైన్లు ఉన్నాయి. లాస్ ఏంజిలిస్‌లో ఎండ కాస్తోంది, తాటిచెట్లు ఊగుతున్నాయి, రేపో మాపో పండుగ అన్నట్టు సాగుతాయి. మంచు కురిసే చోట ఉన్నవాడి పాట కాదు ఇది, దూరంగా ఉన్నవాడిది. మంచు ఎరగని గుంటూరులో మా క్యారల్స్ గుంపు గొంతు చించుకుని పాడినప్పుడు మాకు తెలియకుండానే పాట అర్థం సరిగ్గా పట్టుకున్నాం. ఇంకో సంగతి చెప్పి వదిలేస్తాను. బెర్లిన్ కొడుకు మూడు వారాల పసివాడిగా 1928 క్రిస్మస్ రోజునే చనిపోయాడు.

ఆయన ఒక్కడే కాదు. ఎర్రముక్కు జింక రుడాల్ఫ్‌ని 1939లో మాంట్‌గొమరీ వార్డ్ అనే దుకాణాల సంస్థ కోసం పుట్టించిన రాబర్ట్ మే యూదుడు. భార్య క్యాన్సర్‌తో మంచాన ఉన్న రోజుల్లో రాసిన పిల్లల పుస్తకం అది. మొదటి ఏడాదే 24 లక్షల కాపీలు ఉచితంగా పంచారు. దాన్ని 1949లో పాట చేసిన జానీ మార్క్స్ ఆయనకి బావమరిది వరస, ఆయనా యూదుడే. నిప్పుల మీద చెస్ట్‌నట్ గింజలు కాలుతున్నాయంటూ మొదలయ్యే పాటని మెల్ టోర్మే, బాబ్ వెల్స్ 1945 జులైలో కాలిఫోర్నియా ఎండలో రాశారు. చల్లటి మాటలు కాగితం మీద పెడితే కాస్త వేడి తగ్గుతుందేమోనని వెల్స్ మొదలుపెట్టాడట. అదే జులైలో, అదే ఎండకి, శామీ కాన్, జూల్ స్టైన్ "లెట్ ఇట్ స్నో" కట్టారు. అందరూ యూదులే. మనకూ తెలియనిదేం కాదు. తెలుగు తెర మీద క్రీస్తు వేషం కట్టిన హిందూ నటుణ్ణి చూసి మా నాయనమ్మ హాల్లోనే దణ్ణం పెట్టేది.

ఈ పాటల్లో క్రీస్తు లేడని మావాళ్ళు సణుగుతారు. ఒకప్పుడు నేనూ సణిగాను. ఇప్పుడు వేరేగా చూస్తున్నాను. పశువుల పాక వాళ్ళది కాదు, అందుకని దాని గురించి వాళ్ళు రాయలేదు. ఎదురింటి పండుగలోంచి తాము నిజాయితీగా తీసుకోగలిగినవి తీసుకున్నారు. మంచు, దీపాలు, ఇంటి మీద బెంగ. గడప దాకా వెళ్ళి, పూజ గదిలోకి అడుగు పెట్టకుండా ఆగారు. మర్యాద ఒక్కటే అంటే అబద్ధమవుతుంది, వ్యాపారం కూడా. చాలా ఉద్యోగాల తలుపులు వాళ్ళకి మూసి ఉన్నప్పుడు న్యూయార్క్ పాటల వ్యాపారం తెరిచి ఉంది, డిసెంబరులో పాటలు అమ్ముడవుతాయి. అయినా ఒక విశ్వాసిగా నేను చెప్పేది ఇది: నమ్మకుండా నమ్మినట్టు రాసిన కీర్తన కన్నా, నమ్మనివాడు నిజంగా బెంగపడి రాసిన పాట నా పండుగకి ఎక్కువ గౌరవం.

మరి ఆ రోజు వాళ్ళేం చేస్తారు? మా సీనియర్‌ని అడిగితే, డ్యూటీ లేకపోతే చెల్లెలితో కలిసి చైనీస్ హోటల్, తర్వాత సినిమా అంది. ఇదేదో జోకనుకున్నాను. కాదు, వందేళ్ళ పైబడిన సంప్రదాయం. న్యూయార్క్‌లో యూదులూ చైనీయులూ పక్కపక్క పేటల్లో బతికారు. ఆదివారం, క్రిస్మస్ అన్న తేడా లేకుండా తెరిచి ఉండేది చైనీస్ హోటలే. పైగా మాంసం, పాలు కలపకూడదన్నది యూదుల నియమం. ఇటాలియన్ హోటల్లో ప్రతిదాని మీదా చీజు ఉంటుంది, చైనీస్ వంటలో పాలే ఉండవు. మరి వాళ్ళకి నిషిద్ధమైన పంది మాంసమో? సన్నగా తరిగి పిండి రేకులో చుట్టేస్తే కనపడదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అన్నమాట. ఇంట్లో కాషర్ అనే ఈ తిండి నియమాలు పాటించేవాళ్ళు కూడా బయట ఇలా లాగించేవాళ్ళని ఆవిడే నవ్వుతూ చెప్పింది. మా న్యూజెర్సీలోనే, నెవార్క్‌లో, 1935 క్రిస్మస్‌కి ఒక చైనీస్ హోటలు యజమాని యూదు అనాథ పిల్లల ఆశ్రమానికి చౌమీన్ పట్టుకెళ్ళాడని అప్పటి పత్రికలో వచ్చింది. 2010లో ఎలీనా కేగన్‌ని సుప్రీంకోర్టుకి తీసుకునే ముందు సెనేట్‌లో ప్రశ్నలు వేస్తూ, ఫలానా క్రిస్మస్ రోజున మీరెక్కడున్నారని ఒక సెనేటర్ అడిగాడు. యూదులందరిలాగే నేనూ చైనీస్ హోటల్లో ఉండి ఉంటానని ఆవిడ జవాబు. హాలంతా నవ్వు.

తమది కాని పండుగ రోజున, ఆ పండుగ లేని ఇద్దరు ఒక టేబుల్ దగ్గర. నాకు హనుక్కా కార్డుల అర కన్నా ఆ టేబులే అసలైన యూదు క్రిస్మస్ అనిపిస్తుంది.

ఇక మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల సంగతి. ఏటా డిసెంబరులో ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. "హ్యాపీ హాలిడేస్" అనొద్దు, "మెర్రీ క్రిస్మస్" అనండి, మన పండుగని మాయం చేస్తున్నారు అని. గుంటూరులో సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పించుకుని నవ్వుతూ తీసుకున్నవాళ్ళమే, ఇక్కడికి రాగానే ఇంకొకరికి చోటిచ్చే రెండు మాటలకి ఉలిక్కిపడుతున్నాం. ఇంకోవైపు, మనవాళ్ళ కొన్ని చర్చిల్లో ఇజ్రాయెల్ జెండాలు, పొట్టేలు కొమ్ము బూరలు, స్టేజీ మీద ఏడు కొమ్మల దీపవృక్షం. యూదులంటే అంత ప్రేమ. అలా కొమ్ము ఊదే ఒకాయన్ని, మీకు యూదు స్నేహితులెవరైనా ఉన్నారా అని అడిగాను. "వాళ్ళు ఇంకా ప్రభువుని తెలుసుకోలేదు కదమ్మా" అన్నాడు. బైబిల్లో యూదులు కావాలి, పక్కింట్లో వద్దు. వీధిలో మా నాన్నని పలకరించకుండా మా ఇంటి నక్షత్రాన్ని మాత్రం మెచ్చుకుంటే ఎలా ఉండేది?

మన దేశంలో ఈ సంగతి ఇంకా బాగా తెలిసిన చోటొకటుంది. కోల్‌కతా న్యూ మార్కెట్‌లో నహూమ్స్ బేకరీ. 1902లో ఒక బాగ్దాదీ యూదు కుటుంబం మొదలుపెట్టింది. ఊళ్ళో యూదులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. డిసెంబరు వస్తే ఆ కొట్టు ముందు ప్లమ్ కేకు కోసం క్యూ. నా నర్సింగ్ క్లాస్‌మేట్ పెళ్ళికి వెళ్ళినప్పుడు నేనూ నిలబడ్డాను. పాతకాలపు చెక్క బల్లలు, గాజు అరలు, నాకు ముందు నుదుట ఇంత బొట్టు పెట్టుకున్న బెంగాలీ మామ్మగారు. యూదుల కొట్టు, బేకర్లలో చాలామంది ముస్లింలు, కొనేది హిందువులు, పండుగ మాది. ఏ మత సామరస్య సభా పెట్టకుండానే జరిగిపోతోంది. కేకు బాగుంటుంది కాబట్టి.

మా ఇంటికి ఇంకా దగ్గరగా, గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు. బెనె ఎఫ్రాయిము అంటారు. మాదిగ కుటుంబాలు. ఒకప్పుడు క్రైస్తవ సంఘాల్లో ఉండి, తాము ఇశ్రాయేలీయుల ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని చెప్పుకుని, 1990ల మొదట్లో సినగాగు పెట్టుకున్నారు. చిన్నప్పుడు ఆ దారిన బస్సులో ఎన్నిసార్లు వెళ్ళానో, ఎప్పుడూ తెలీదు. తెలిశాక మావాళ్ళు కొందరు నవ్వారు, వీళ్ళెక్కడి యూదులని. ఎవరు ఎవరి సంతానమో తేల్చడం నా పని కాదు. కానీ క్రిస్మస్ నక్షత్రాల మధ్య పెరిగి, అవి దించేసి, నలుగురూ చేసేది మానేసి ఇంకో దీపం పట్టుకోవడానికి ఎంత దమ్ము కావాలో నాకు తెలుసు. మా ముత్తాత బాప్తీస్మం తీసుకున్నప్పుడు ఆయన్ని చూసీ ఊరు ఇలాగే నవ్వింది.

కార్డు ఇచ్చిన మరుసటి ఏడాది, 2014లో, యోమ్ కిప్పూర్ అక్టోబరు 3 సాయంత్రం మొదలైంది. నేను నెల ముందే తేదీ చూసుకుని, రోస్టరు వేసే ఆవిడ దగ్గరికి వెళ్ళి, మా సీనియర్ రాత్రి నాకు వేయమన్నాను. ఈసారి మా సీనియర్ అడగలేదు. అప్పటి నుంచి అదే లెక్క. ఆవిడ పెద్ద రోజు నేను, నా పెద్ద రోజు ఆవిడ. మా నాన్న భాషలో చేబదులు. నోటు లేదు, వడ్డీ లేదు, తీర్చడం మాత్రం తప్పదు. అమ్మకి ఫోన్‌లో చెబితే, "మీ పక్కింటి పిన్నిగారిని అడిగానని చెప్పమ్మాయ్" అంది. ఆ సంబంధం ఏంటో నేను వివరించలేదు, ఆవిడా అడగలేదు.

2024లో లెక్క తప్పింది. హనుక్కా మొదటి దీపం డిసెంబరు 25 సాయంత్రమే వచ్చింది. 2005 తర్వాత మళ్ళీ అప్పుడే. ఇద్దరికీ ఒకే రోజు కావాలి. నవంబరులో బ్రేక్ రూమ్‌లో కాఫీ పెట్టుకుని కూర్చున్నాం. పగలు ఏడు నుంచి ఏడు దాకా తను, రాత్రి ఏడు నుంచి నేను. నాకు చర్చి, మధ్యాహ్నం బిర్యానీ అయిపోతాయి. తను ఇంటికెళ్ళి, మనవలు మేలుకుని ఉండగానే దీపం పెట్టుకోవచ్చు.

ఆ సాయంత్రం ఏడుకి పది నిమిషాల ముందు వెళ్ళాను. ఆక్సిజన్ ఉన్న చోట కొవ్వొత్తి వెలిగించనివ్వరు, నర్సుల స్టేషను మీద ప్లాస్టిక్‌ది ఒకటి ఉంది, బల్బులు తిప్పితే వెలిగేది. మధ్యలో పొడుగ్గా ఉన్నదాన్ని షమాష్ అంటారు, మిగతావాటిని వెలిగించే పనిది. కార్డు చేతికిచ్చాను. కళ్ళజోడు నుదుటి మీదికి జరుపుకుంది. "ఈసారి ఆలస్యం కాలేదు" అంది. కార్డు స్వెటర్ జేబులో పెట్టుకుని, షమాష్ బల్బు, చివరి బల్బు తిప్పి, దాన్ని కిటికీ వైపు జరిపింది. దీపం వీధిలోకి కనపడాలట, ప్రమాదం ఉన్న రోజుల్లో మాత్రం బల్ల మీద పెట్టుకున్నా చాలని పెద్దలు చెప్పారట. ఆశీర్వాదం చదవలేదు, అది ఇంట్లో అసలు మంట దగ్గర చదువుతుంది.

తర్వాత ఇద్దరం ఫైళ్ళు ముందేసుకున్నాం. పన్నెండో గదిలో పెద్దాయనకి రాత్రి బీపీ పడిపోతోంది, గంటకోసారి చూడాలి. పదిహేనో గదిలో ఆవిడ కూతురు రాలేదు, కేకు అలాగే ఉంది, తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి కాసేపు కూర్చోమంది.